ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలు పాపకి ఎలా వెచ్చబెట్టాలి? స్టవ్ మీద కాచొచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆమదాలవలస దగ్గర పల్లెలో ఉంటారు. సచివాలయంలో ఉద్యోగం. సెలవు అయిపోయి డ్యూటీలో చేరారు. ఐదున్నర నెలల పాపని అత్తగారి దగ్గర వదిలి వెళ్తున్నారు. పొద్దున్నే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలని అత్తగారు స్టీలు గిన్నెలో పోసి స్టవ్ మీద కాచేస్తున్నారు. మీ ఆయనేమో మైక్రోవేవ్‌లో అరనిమిషం పెడితే సరిపోతుందంటున్నారు. తాగగా మిగిలిన పాలు మళ్లీ వెచ్చబెట్టొచ్చా, పాలు చాలని రోజు డబ్బాపాలు ఎలా కలపాలి అని కూడా అడిగారు. నేను శ్రీకాకుళంలో పసిపిల్లల వార్డులో ఇరవై ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మీ ఇంట్లో జరుగుతున్నదే నేను వందల ఇళ్లవాళ్ల నోట విన్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీ టెన్షన్ కొంత తగ్గిస్తాను. పాలు వెచ్చబెట్టి తీరాలన్న నియమం ఏదీ లేదు. నెలలు నిండి పుట్టి, బరువు బాగా ఉన్న పిల్ల గది చల్లదనంలో ఉన్న పాలు తాగినా ఏమీ కాదు. చల్లని పాలతో జలుబు చేస్తుందని మన వైపు గట్టి నమ్మకం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పాల చల్లదనం వల్ల కాదు. పిల్లకి అమ్మ ఒంటి వేడిలో ఉన్న పాలు అలవాటు కాబట్టి వెచ్చగా ఉంటే ఇష్టంగా తాగుతుంది, అంతే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, బాగా బరువు తక్కువ ఉన్నవాళ్లకి మాత్రం వెచ్చని పాలే మంచిది. వాళ్లు ఒంటి వేడిని నిలుపుకోలేరు. మీ పాప ఆ కోవలోది కాదని మీరు రాసిన బరువు చూస్తేనే తెలుస్తోంది. కాబట్టి ఒకరోజు పాలు సరిగా వెచ్చబడకపోయినా అత్తగారు కంగారుపడక్కర్లేదు. ఎక్కువ వేడెక్కితేనూ, వెచ్చగా ఎక్కువసేపు ఉండిపోతేనూ ప్రమాదం. ఈ రెండూ పట్టుకుంటే మిగతావన్నీ సర్దుకుంటాయి.

ఇక స్టవ్ సంగతి. అత్తగారు చేస్తున్నది అజ్ఞానం కాదమ్మా. ఆమె జీవితమంతా పాలంటే కాచాల్సిందే, పొంగు రావాల్సిందే. గేదెపాలు, ఆవుపాలు పచ్చిగా తాగితే రోగాలొస్తాయి, వాటిని కాచడం ఎంతో తెలివైన పని. వార్డులో ఒక నాయనమ్మ నన్ను నిలదీసింది కూడా: "పచ్చిపాలు సంటిదానికి పట్టేడమేటమ్మా?" అని. ఆవిడకి నేను చెప్పిందే మీకూ చెబుతాను. తల్లిపాలు పశువు పొదుగు నుంచి, పాలవాడి క్యాను నుంచి వచ్చినవి కావు. అందులో పిల్లని రోగాల నుంచి కాపాడే పదార్థాలు, కొవ్వుని అరిగించే ఎంజైములు ఉంటాయి. మరిగిస్తే అవి పాడవుతాయి. మంట మీద గిన్నె పెడితే అడుగునున్న పాలు ముందే మరిగిపోతాయి, పైన ఇంకా చల్లగానే ఉంటాయి. వేలు పెట్టి చూసేసరికే అడుగున జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. అత్తగారితో "మీరు తప్పు చేస్తున్నారు" అనకండి. "గేదెపాలు కాచాలి, అమ్మపాలు కాచకూడదు" అని ఒక్క ముక్క చెప్పండి. అంగన్వాడీ టీచర్ నోటో, ఏఎన్ఎం నోటో చెప్పించగలిగితే ఇంకా మంచిది. కోడలి మాట కంటే బయటివాళ్ల మాట తొందరగా చెవికెక్కుతుంది.

మైక్రోవేవ్ వద్దే వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. మైక్రోవేవ్ పాలని సమానంగా వేడి చేయదు. ఒకచోట గోరువెచ్చగా ఉంటే రెండంగుళాల పక్కన సలసలలాడే వేడి ఉంటుంది. పైగా సీసా గోడ చల్లగా ఉండి, లోపలి పాలు కాలిపోతుంటాయి. మా వార్డుకి ఒకసారి నాలుగు నెలల బాబుని తెచ్చారు. పాలు పట్టగానే కెవ్వుమని ఏడ్చాడట, ఆ తర్వాత నోట్లో ఏది పెట్టినా ఏడుపే. నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిట తెల్లగా పొర లేచి, చుట్టూ ఎర్రగా ఉంది. "సీసా పట్టుకుని చూశానండీ, చల్లగానే ఉంది" అని తండ్రి పదేపదే అన్నాడు. ఆయన అన్నది నిజమే. సీసా చల్లగానే ఉంది. ఆ బాబు మళ్లీ సరిగా తాగడానికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా చల్లార్చిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టాం.

సరైన పద్ధతి చాలా తేలిక. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒక వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు వేడి చేసి, స్టవ్ ఆర్పేసి, గిన్నెని దించేయాలి. మంట మీద ఉన్న నీళ్లలో సీసా పెట్టకూడదు. ఆ నీళ్లలో చన్నీళ్లు కలిపి, పాపకి స్నానం చేయించే నీళ్లకంటే కాస్త ఎక్కువ వేడి ఉండేలా చూసుకోవాలి. సుమారు 40 డిగ్రీలు. పాల సీసాని మూత గట్టిగా బిగించి అందులో నిలబెట్టాలి. నీళ్లు మూత అంచుకి తగలకూడదు, తగిలితే లోపలికి దిగుతాయి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. నీళ్లు చల్లారితే మార్చండి. మొత్తం మీద పావుగంటకి మించి ఉంచొద్దు. గాజు సీసా వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేణ్ణీళ్లలో పెడితే గాజు పగులుతుంది. కాసేపు బయట ఉంచి, ముందు మామూలు నీళ్లలో, తర్వాత వెచ్చని నీళ్లలో పెట్టాలి.

సీసా బయటికి తీసినప్పుడు అత్తగారు కచ్చితంగా ఒకటి గమనిస్తారు, దానికి ముందే ఆమెని సిద్ధం చేయండి. ఫ్రిజ్‌లో ఉన్న తల్లిపాలు రెండు పొరలుగా విడిపోతాయి. పైన పసుపుపచ్చగా, కాస్త మీగడలా గోడకి అంటుకుని ఉంటుంది. కింద పలచగా, లేత నీలంగా, నీళ్లలా కనిపిస్తుంది. చూసినవాళ్లు పాలు విరిగిపోయాయనుకుంటారు. నాకు తెలిసి ఎందరో నాయనమ్మలు ఈ కారణంగానే మంచిపాలని సింకులో పోసేశారు. ఆ తల్లుల ముఖాలు చూడలేకపోయేదాన్ని. అవి విరగలేదు, కొవ్వు పైకి తేలింది. వెచ్చని నీళ్లలోంచి తీశాక సీసాని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, మజ్జిగ కవ్వం తిప్పినట్టు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. ఆ పచ్చని పొర గోడ మీంచి జారి, సన్నని తీగల్లా కిందికి దిగి, పాలన్నీ ఒకే రంగులోకి వస్తాయి. కొవ్వుతో పాటు వేడి కూడా అంతటా సమానంగా సర్దుకుంటుంది. కొందరి పాలకి ఫ్రిజ్‌లో ఉన్నాక సబ్బు వాసన వస్తుంది, అదీ ఎంజైము పనే, పాపకి హాని లేదు. పుల్లటి వాసన వస్తే మాత్రం పారబోయాలి.

తర్వాత వేడి చూడటం. చాలామంది వేలితో చూస్తారు, లేదా సీసాని చెంపకి ఆనిస్తారు. రెండూ నమ్మదగ్గవి కావు. ముఖ్యంగా పెద్దవాళ్ల వేళ్లు. నలభై ఏళ్లు పొయ్యి మీంచి గిన్నెలు దించిన చేతులవి. మనం అబ్బా అని వదిలేసే గ్లాసుని వాళ్లు తాపీగా పట్టుకుంటారు. ఆ వేళ్లకి గోరువెచ్చగా తోచిన పాలు పిల్ల నాలుకకి చుర్రుమంటాయి. అందుకని మణికట్టు లోపలి వైపు, నరం కొట్టుకునే చోట, రెండు మూడు చుక్కలు వేసుకోవాలి. చుక్క పడినట్టే తెలియకపోతే సరైన వేడి. వెచ్చగా తెలిసినా పర్లేదు. "వేడి" అనిపించిందంటే ఆగాల్సిందే. ఒక చుక్క కాదు, సీసా తిప్పి రెండోసారి కూడా వేసి చూడాలి. ఈ పని ప్రతిసారీ చేయాలి, నిన్న చూశాం కదా అని వదలకూడదు.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. నేను చూసిన కాలిన గాయాల్లో పాల వల్ల అయినవి తక్కువే. పాలు వెచ్చబెట్టడానికి తెచ్చిన వేణ్ణీళ్లు ఒలికి కాలినవే ఎక్కువ. మంచం పక్కన నేల మీద వేణ్ణీళ్ల గిన్నె పెట్టుకుని, ఒళ్లో పిల్లని వేసుకుని కూర్చుంటారు. పిల్ల కాలు ఒక్కసారి విదిలిస్తే చాలు. ఇంకో నెలలో మీ పాప పాకడం మొదలుపెడుతుంది. వేణ్ణీళ్ల గిన్నె వంటగట్టు మీద, గోడవైపు లోపలికి ఉండాలి. పాపని నేల మీద పరిచిన బొంత మీదో, ఉయ్యాలలోనో ఉంచి, పాలు తయారయ్యాక వచ్చి ఎత్తుకోవాలి. అత్తగారికి ఇది మరీ మరీ చెప్పండి.

ఇప్పుడు ఎంతసేపు అనే లెక్క. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటల వరకు ఉంటాయని చెబుతారు. మే నెలలో మన ఇళ్లలో నీడపట్టునే ముప్పై దాటుతుంది. అలాంటప్పుడు ఆ 4 గంటల లెక్క మనకి పనికిరాదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఫ్రిజ్‌లో లోపలి అరలో, వెనక గోడ దగ్గర పెట్టాలి, తలుపు అరల్లో పెట్టకూడదు. తలుపు తీసినప్పుడల్లా అక్కడ వెచ్చబడుతుంది. బాగా చల్లగా ఉండే ఫ్రిజ్‌లో 4 రోజుల దాకా ఆగుతాయంటారు గానీ, కరెంటు పోతూ వస్తూ ఉండే ఇళ్లలో నేను మర్నాటికల్లా వాడేయమంటాను. సీసాలకి తేదీ, టైము రాసిన చిన్న ప్లాస్టరు ముక్క అంటించండి. ముందు పిండినవి ముందు వాడాలి. ఒక్కో సీసాలో 60 నుంచి 90 మిల్లీలీటర్లే పోయండి. ఈ కొద్దికొద్దిగా పోసే అలవాటు ఒక్కటే మిగిలిన పాల గురించి మీరడిగిన ప్రశ్నకి సగం జవాబు. మిగిలేదే తక్కువైతే పారబోసేదీ తక్కువే.

మిగిలిన పాలు మళ్లీ వెచ్చబెట్టకూడదు. పాప నోరు పెట్టగానే లాలాజలంతో పాటు నోటిలోని క్రిములు సీసాలోకి చేరతాయి. గోరువెచ్చని పాలు వాటికి మంచి ఊయల లాంటివి. ఒకసారి వెచ్చబెట్టిన తల్లిపాలు రెండు గంటల్లోపు వాడేయాలి, మన ఎండల్లో అయితే గంట దాటనివ్వొద్దని నా మాట. డబ్బాపాలయితే పాప తాగడం మొదలుపెట్టిన గంటకి ఎంత మిగిలినా పోసేయాల్సిందే. రొమ్ము నొప్పి పుట్టేలా కూర్చుని పిండిన పాలు పారబోయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ బాధతోనే చాలామంది "ఇంకోసారి వెచ్చబెట్టి చూద్దాం" అనుకుంటారు.

ఫ్లాస్కు గురించి నా సొంత అనుభవం చెబుతాను. మా అబ్బాయి ఏడో నెలలో నేను నైట్ డ్యూటీలు చేసేదాన్ని. రాత్రి లేచి వెచ్చబెట్టే ఇబ్బంది లేకుండా మా అమ్మకి వెచ్చని పాలు ఫ్లాస్కులో పోసి ఇచ్చి వెళ్లేదాన్ని. రాత్రి పదికి పోసిన పాలు తెల్లవారుజామున నాలుగుకి పట్టేది. నాలుగో రోజుకి వాడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీరు రాలేదు. పక్క వార్డులో నా బిడ్డకే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పిల్లల నర్సునై ఉండి నేనే చేసిన తప్పు అది. ఫ్లాస్కు పాలని వేడిగా ఉంచదు, గంటల తరబడి గోరువెచ్చగా ఉంచుతుంది. క్రిములు పెరగడానికి కావలసింది సరిగ్గా అదే. ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పోసుకోండి, పాలు మాత్రం పోయకండి. పాలు చల్లగా వేరే ఉండాలి, పట్టేముందు ఫ్లాస్కు నీళ్లు గిన్నెలో పోసుకుని వెచ్చబెట్టుకోవాలి. పలాస పాసింజర్‌లో వెళ్లినా, పార్వతీపురం బస్సులో వెళ్లినా ఇదే పద్ధతి. చిన్న ఐస్ బాక్సులో గడ్డకట్టిన ఐస్ ప్యాకుల మధ్య పాలు పెట్టుకుంటే ఒక రోజు ప్రయాణానికి ఇబ్బంది ఉండదు. బాటిల్ వార్మర్ కొనాలా అని చాలామంది అడుగుతుంటారు. ఉంటే వాడొచ్చు, కానీ అందులోనే గంటల కొద్దీ సీసా వదిలేస్తే అదీ ఫ్లాస్కుతో సమానమే. నా లెక్కలో స్టీలు గిన్నె చాలు.

ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన పాలు ఉంటే ముందు రాత్రి కింది అరలోకి దించి కరగనివ్వాలి. పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఉద్యోగాలు చేసే తల్లులు ఫ్రీజర్‌లో దాచుకున్న పాలు ఏం చేయాలని ఫోన్లు చేశారు. అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ రెండు రోజుల దాకా చల్లదనం నిలుపుకుంటుంది, మామూలు ఫ్రిజ్ మాత్రం 4 గంటలే. ఒకే తలుపు ఫ్రిజ్‌లోని చిన్న ఫ్రీజరు అంతసేపు ఆగదు. పాలలో ఇంకా మంచు ముక్కలు కనబడుతుంటే ఆ పూటకి వాడుకోవచ్చు. పూర్తిగా కరిగి వెచ్చబడితే వదిలేయాలి. అలాంటి రోజుల్లో మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి పాపకి నేరుగా రొమ్ము ఇవ్వడం కంటే మంచిది ఏదీ లేదు.

డబ్బాపాల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ పొడి చూడటానికి శుభ్రంగా ఉన్నా క్రిమిరహితం కాదు. అరుదుగా క్రోనోబ్యాక్టర్ అనే ప్రమాదకరమైన క్రిమి అందులో ఉండొచ్చు. రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండనివాళ్లకి దానితో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 70 డిగ్రీలకి తగ్గని నీళ్లతో పొడి కలపమంది. ఎలా తెలుస్తుంది? లీటరు నీళ్లు బాగా మరిగించి, మూత పెట్టి, అరగంట దాటకుండా వాడేయాలి. గ్లాసెడు నీళ్లు మరిగించి అరగంట ఆగితే లాభం లేదు. కొద్ది నీళ్లు తొందరగా చల్లారిపోతాయి. లీటరు మరిగించమనడంలో కిటుకు అదే. నీళ్లు ముందు, పొడి తర్వాత. డబ్బాలో ఇచ్చిన స్కూపుతో, పైన చదును చేసి, వాళ్లు చెప్పినన్నే. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచగా కలిపితే పిల్ల ఎండిపోతుంది, చిక్కగా కలిపితే మూత్రపిండాల మీద భారం.

వేడి నీళ్లతో కలపడం ప్లాస్టిక్ సీసాలో కాకుండా స్టీలు గ్లాసులోనో, గాజుపాత్రలోనో చేయండి. 2020లో ఐర్లండ్‌లోని ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, ప్లాస్టిక్ సీసాలో వేడి నీళ్లు పోసి గిలకొట్టినప్పుడు లీటరుకి 1.6 కోట్ల దాకా సన్నని ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. స్టీలు గ్లాసులో కలిపి, చల్లార్చి, అప్పుడు సీసాలో పోస్తే ఆ గొడవే ఉండదు. చల్లార్చడానికి గ్లాసుని చన్నీళ్లలో నిలబెట్టాలి. వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు కొళాయిలో వేడిగానే వస్తాయి కాబట్టి దాని కింద పెట్టి లాభం లేదు, కుండ నీళ్లు గిన్నెలో పోసుకోండి. తర్వాత మళ్లీ మణికట్టు పరీక్షే. మీ ఊరి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మరిగించినా ఆ ఉప్పు పోదు, తాగడానికి వాడే మంచినీళ్లతోనే పాలు కలపాలి. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు పాలసీసాలో పోయకండి, నీళ్లు కలిపి పలచన చేసినా వద్దు.

అసలు సీసానే మానేయగలిగితే నాకు ఇంకా సంతోషం. సీసా నిపుల్ సందుల్లో పాలు ఇరుక్కుని ఎంత ఉడకబెట్టినా శుభ్రం కాకపోవచ్చు. మీ అత్తగారి పాత సామాన్లలో ఉగ్గుగిన్నె ఉండే ఉంటుంది, వెతికించండి. మా వార్డులో నెలలు నిండని పిల్లలకి పాలు పట్టింది ఆ ఆకారంలో ఉన్న గిన్నెతోనే. మూలలు లేవు, కడగడం తేలిక, పది నిమిషాలు ఉడకబెడితే సరి. పాపని కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె ముక్కుని పాప కింది పెదవికి ఆనించి, పాపే నాలుకతో లాక్కునేలా వంచాలి. గొంతులో పోయకూడదు. ఈ పనిలో మీ అత్తగారు మీకూ నాకూ పాఠం చెప్పగలరు. స్టవ్ వద్దని చెప్పిన నోటితోనే ఉగ్గుగిన్నె మీరే పట్టండని అడిగితే ఆమె మనసు కూడా కష్టపడదు.

పాపకి నీళ్ల విరేచనాలు అయినా, ఆరు గంటలపాటు ఒంటికి పోయకపోయినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఇంట్లో వైద్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈ ఆదివారం మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి చేసి చూడండి. నీళ్లు దించడం దగ్గర్నుంచి మణికట్టు మీద చుక్క వేసేదాకా అత్తగారి చేతే చేయించండి, మీరు పక్కన నిలబడి చూడండి. పాలు పట్టే సమయానికి మాత్రం మీరు వీధిలోకి వెళ్లిపోవాలి. మీ వాసన తగిలితే పాప ఆ గిన్నె వైపు తల కూడా తిప్పదు.